గట్టు దగ్గర పండుగప్ప పడడం లేదు, నడి గోదావరిలో ఎక్కడ వెతకాలి?

మాది యానాం దగ్గర ఊరు. గోదావరి పాయ అయిన గౌతమి గట్టున ఏడేళ్లుగా గాలం వేస్తున్నాను. మొదట్లో సముద్రపు పోటు ఎక్కే వేళ గట్టు పక్కనే మంచి పండుగప్పలు పడేవి. ఇప్పుడు ఆదివారం వస్తే నిలబడడానికి చోటు ఉండదు. రోజూ వలలు, గాలాలు చూసి బెదిరిన చేప ఒడ్డుకు రావడం మానేసిందని నా నమ్మకం. పడితే అరకిలో పిల్లలే, వాటిని తిరిగి వదిలేస్తున్నాను.

ఈమధ్య మామయ్య తన చిన్న నావ వాడుకోమన్నారు. నడి నీటిలోకి వెళ్లాక మాత్రం దిక్కు తోచడం లేదు. అంతా ఒకేలా కనిపిస్తుంది. పండుగప్ప ఈదుతూ తరిమే చేప కాదు, చాటున పొంచి ఉండి పట్టేది. కాబట్టి ఎదుర్లంక వారధి స్తంభాల వెనుక, ఇసుక మేట లోతులోకి జారే అంచున, మడ అడవుల నుంచి పాయలు వచ్చి కలిసేచోట ఉండాలని అనుకుంటున్నాను. తాడుకు రాయి కట్టి లోతు చూస్తున్నాను, లోతు చూసే యంత్రం కొనే స్తోమత లేదు.

అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి. స్తంభాల దగ్గర పోటులో వేయాలా, పాటు మొదలై నీరు తీసేటప్పుడు వేయాలా? మేట అంచున ఎర అడుగున ఉంచాలా, మధ్యలో తేలేలా కట్టాలా? బతికున్న రొయ్య మేలా, ప్లాస్టిక్ చేప మేలా? వరద ఎర్రనీరు దిగాక ఎన్నాళ్లు ఆగాలి?

పెద్ద చేపల్లో ఎక్కువ ఆడవే కనుక గుడ్ల కాలంలో వాటిని వదిలేస్తాను. ఆ కాలం మన దగ్గర ఏ నెలల్లో ఉంటుందో కూడా తెలిస్తే చెప్పగలరు.