బేసిస్ 3 మీద సాఫ్ట్ ప్రాసెసర్: హలో వరల్డ్ రావట్లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదావరి_బిట్స్
అందరికీ నమస్తే. కాకినాడలో ఈసీఈ ఫైనల్ ఇయర్. మేజర్ ప్రాజెక్ట్‌కి ఎఫ్‌పీజీఏ (మనకి కావాల్సిన సర్క్యూట్‌గా మార్చుకోగలిగే చిప్) మీద సాఫ్ట్ ప్రాసెసర్ (ఆ చిప్ లోపలే కట్టుకునే ప్రాసెసర్) పెట్టి, దానికి మేమే రాసిన పీడబ్ల్యూఎం బ్లాక్ (పల్స్ వెడల్పుతో మోటార్ వేగం మార్చేది) తగిలించి మోటార్ తిప్పాలనుకున్నాం. ల్యాబ్‌లో బేసిస్ 3 ఎఫ్‌పీజీఏ బోర్డ్ ఉంది. వివాడో సాఫ్ట్‌వేర్ బ్లాక్ డిజైన్‌లో (బాక్సులు పెట్టి గీతలు కలిపే పద్ధతి) మైక్రోబ్లేజ్ ప్రాసెసర్, అక్షరాలు కంప్యూటర్‌కి పంపే యూఆర్ట్‌లైట్ పెట్టి, ఎల్ఫ్ ఫైల్‌ని (కంపైల్ అయిన ప్రోగ్రామ్) బిట్‌స్ట్రీమ్‌లో (చిప్‌లోకి ఎక్కే ఫైల్) కలిపి ఎక్కించా. చిప్‌లోకి ఎక్కిందని చెప్పే డన్ లైట్ వెలుగుతోంది, టెర్మినల్‌లో మాత్రం ఒక్క అక్షరం లేదు. మూడు రాత్రులు పోయాయి. మైక్రోబ్లేజ్‌తోనే ఉండాలా రిస్క్-ఫైవ్ రకం ప్రాసెసర్‌కి మారాలా, బయట డీడీఆర్ ర్యామ్ లేని బోర్డ్ కదా మెమరీ సరిపోతుందా, 8 జీబీ ల్యాప్‌టాప్ చాలా? రివ్యూ ఇంకా పదిహేను రోజులే.

లక్డీకాపూల్_లాజిక్
రీసెట్ చూసుకో తమ్ముడూ. ఇదే బోర్డ్ మీద నాకు నాలుగు రోజులు తినేసింది. ఆర్టీ అనే ఇంకో బోర్డ్‌లో ఎర్ర రీసెట్ బటన్ నొక్కితే సున్నా, వదిలితే ఒకటి. బేసిస్ 3లో మధ్య బటన్ దానికి రివర్స్, నొక్కితేనే ఒకటి. ఆర్టీ కోసం రాసిన ట్యుటోరియల్ చూసి యాక్టివ్ లో (సున్నా వస్తే రీసెట్) అని పెట్టేశావంటే ప్రాసెసర్ పవర్ ఇచ్చిన దగ్గర్నుంచి రీసెట్‌లోనే పడుంటుంది. నేను అర్ధరాత్రి ఒంటిగంటకి విసుగొచ్చి ఆ బటన్ నొక్కి అలాగే పట్టుకున్నా, హలో వరల్డ్ వచ్చింది. వేలు తీశా, మళ్లీ నొక్కా, మళ్లీ వచ్చింది. అప్పుడు వెలిగింది బుర్రలో. మిగతా ప్రశ్నలు తర్వాత, ముందు ఇది చెయ్యి.

వేవ్‌ఫామ్_మాస్టర్
మూడు రాత్రులు బోర్డ్ ముందు కూర్చున్నావు, ఒక్కసారైనా కంప్యూటర్‌లోనే సిమ్యులేట్ చేశావా? పద్నాలుగేళ్లుగా చిప్ డిజైన్లలో తప్పులు వెతికే వెరిఫికేషన్‌లో ఉన్నాను, సిమ్యులేషన్‌లో పది నిమిషాల్లో దొరికే తప్పుకి బోర్డ్ మీద వారం పట్టడం ఎన్నిసార్లు చూశానో. బాక్సులు లాక్కొచ్చి గీతలు కలపడం డిజైన్ కాదు. మైక్రోబ్లేజ్ పక్కన పెట్టు, పికోఆర్‌వీ32 అనే చిన్న రిస్క్-ఫైవ్ కోర్ (ప్రాసెసర్) తీసుకో, కోర్ మొత్తం ఒకే వెరిలాగ్ (సర్క్యూట్ రాసే భాష) ఫైల్, తెరిచి చదవొచ్చు. స్పీడ్ తక్కువే, ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌కి సగటున నాలుగు క్లాకులు పడతాయి, కానీ మెమరీని అడిగే వ్యాలిడ్ సిగ్నల్ ఎప్పుడు లేచింది, జవాబుగా రెడీ ఎప్పుడు వచ్చింది నీ కళ్లతో నువ్వు చూస్తావు. ఇంటర్వ్యూలో నా మొదటి ప్రశ్న, రీసెట్ వదిలాక మొదటి ఫెచ్ (ఇన్‌స్ట్రక్షన్ తెచ్చుకోవడం) ఏ అడ్రస్ నుంచి వెళ్తుంది అని. బ్లాక్ డిజైన్ చేసొచ్చిన పిల్లలు నోరు తెరవరు.

మోటార్_డ్రైవ్_మూర్తి
మాస్టర్ గారూ, ఆ మాట ఒప్పుకోను. చర్లపల్లిలో చిన్న కంపెనీ మాది, ఎనిమిది మందిమి. మా డ్రైవ్ బోర్డ్‌లో మైక్రోబ్లేజ్ ఉంది, గీతలు కలిపే చేశాం, మూడేళ్లుగా ఫ్యాక్టరీల్లో తిరుగుతోంది. సొంత కోర్ రాస్తూ కూర్చుంటే కస్టమర్ ఆగుతాడా? ఈ అబ్బాయికి కావాల్సింది మోటార్ తిరగడం, ప్రాసెసర్ పుట్టించడం కాదు.

వేవ్‌ఫామ్_మాస్టర్
మీది ప్రోడక్ట్, అతనిది చదువు. రెండూ ఒకటేనా? చదువుకునే వయసులో మూత తెరిచి చూడకపోతే ఇంకెప్పుడు చూస్తాడు?

మోటార్_డ్రైవ్_మూర్తి
పదిహేను రోజుల్లో రివ్యూ పెట్టుకున్నవాడికి మూత తెరవమని చెప్పడం సలహా కాదండి. ముందు ఒకటి నడవనివ్వండి, తర్వాత తెరుస్తాడు.

ఈసీఈ_2019_బ్యాచ్
గొడవ పడకండి, నా సంగతి వినండి. నేను గీతలూ కలపలేదు, కోరూ రాయలేదు. అమీర్‌పేటలో ఒక సెంటర్‌లో డబ్బు కట్టి సీడీ తెచ్చుకున్నా, పదహారు బిట్ల ప్రాసెసర్ అని పేరు, రిపోర్ట్ కూడా వాళ్లదే. కాలేజీలో మార్కులొచ్చాయి. తర్వాత ఇంటర్వ్యూలో ఆయన తెల్లకాగితం నా ముందుకి జరిపి మీ డేటాపాత్ (ప్రాసెసర్‌లో డేటా నడిచే దారి) గీయండి అన్నాడు. పెన్ను పట్టుకుని లెక్కలు చేసే ఏఎల్‌యూ అని ఒక డబ్బా గీశా, దాంట్లోకి ఏం వస్తుందో గీయలేకపోయా. ఆయన ఏమీ అనలేదు, కాగితం మడిచి పక్కన పెట్టాడు. ఆ మడత ఇప్పటికీ గుర్తుంది. తమ్ముడూ, హలో రాకపోయినా పర్లేదు, నీ మూడు రాత్రులు నీవి.

ల్యాబ్_తాళం
సెంటర్‌కి వెళ్లినవాళ్లందర్నీ దొంగల్లా చూడొద్దు బ్రో. మా కాలేజీలో నలభై మందికి రెండు బోర్డులు, నాలుగింటికల్లా ల్యాబ్‌కి తాళం, గైడ్ గారికే వెరిలాగ్ రాదు. ఎవర్ని అడగాలి మేం? వెరిఫికేషన్ సర్‌కి పక్క సీట్లోనే సీనియర్ ఉంటాడు. మాకు ఎవరున్నారు?

వేవ్‌ఫామ్_మాస్టర్
నాకూ సీనియర్ లేడు బాబూ. సిమ్యులేషన్‌కి బోర్డ్ అక్కర్లేదు, తాళం అడ్డం రాదు. వెరిలేటర్, ఐకరస్ సిమ్యులేటర్లు రెండూ ఉచితం, ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద నడుస్తాయి. అందుకే పదే పదే చెప్తున్నది.

ల్యాబ్_తాళం
ఈ మాట మొదటి పోస్ట్‌లోనే ఇలా చెప్పుంటే బాగుండేది సర్. డౌన్‌లోడ్ చేస్తున్నా.

టాంగ్_నానో_9కే
బోర్డ్ లేనివాళ్లు టాంగ్ నానో 9కే అనే చిన్న ఎఫ్‌పీజీఏ బోర్డ్ చూడండి, 8640 లట్‌లు (చిన్న లాజిక్ ముక్కలు), పికోఆర్‌వీ32 హాయిగా పట్టేస్తుంది. నాకు వచ్చిన ఇబ్బంది బాడ్ రేట్ (అక్షరాలు పంపే వేగం). పికోఆర్‌వీ32 ఉదాహరణ డిజైన్ పికోసాక్‌తో వచ్చే ఫర్మ్‌వేర్‌లో యూఆర్ట్ డివైడర్ (బాడ్ కోసం క్లాక్‌ని భాగించే సంఖ్య) 104 అని రాసి ఉంటుంది, అది 12 మెగాహెర్ట్జ్ క్లాక్‌కి లెక్క. టాంగ్ మీద క్లాక్ 27. అదే 104 వదిలేస్తే 115200 బదులు రెండున్నర లక్షలు దాటిపోతుంది, టెర్మినల్ నిండా చెత్త. 234 పెట్టగానే అక్షరాలు నీట్‌గా వచ్చాయి. ఆ రోజు మా అమ్మని పిలిచి చూపించా.

శక్తి_అభిమాని
మన దేశపు కోర్ ఉండగా బయటవి ఎందుకు? ఐఐటీ మద్రాస్ వాళ్ల శక్తి వాడండి, సీడాక్ వాళ్ల వేగా ప్రాసెసర్ కూడా ఉంది.

లక్డీకాపూల్_లాజిక్
శక్తి మంచిదే అన్నా, కానీ రెడీగా ఇచ్చినవి ఆర్టీ బోర్డులకి, చిన్న కోర్ ఈ-క్లాస్ ఆర్టీ 35టీ మీద, పెద్దది సీ-క్లాస్ ఆర్టీ 100టీ మీద. సోర్స్ బ్లూస్పెక్ అనే వేరే భాషలో ఉంటుంది. పదిహేను రోజుల్లో ఈ పిల్లాడు బ్లూస్పెక్ నేర్చుకోవాలా?

శక్తి_అభిమాని
నేర్చుకుంటే తప్పేంటి? అందరూ ఇలాగే అంటే మనవి ఎవరు వాడతారు?

క్లాక్_డొమైన్
పైన లక్డీకాపూల్ గారు చెప్పిన బటన్ పరీక్ష అందరికీ పనిచేయదు, జాగ్రత్త. క్లాక్ తయారుచేసే క్లాకింగ్ విజర్డ్ బ్లాక్ రీసెట్ కూడా అదే బటన్‌కి కట్టి ఉంటే, దానికి మామూలుగా యాక్టివ్ హై ఉంటుంది కాబట్టి, బటన్ నొక్కితే క్లాకే ఆగిపోతుంది. అప్పుడు నొక్కినా రాదు వదిలినా రాదు, రీసెట్ బాగానే ఉందేమో అనుకుని వేరే చోట వెతుకుతారు. క్లాక్ స్థిరపడిందని చెప్పే లాక్డ్ సిగ్నల్‌ని ఒక ఎల్ఈడీకి తీసుకెళ్లు, ప్రాసెసర్ రీసెట్‌ని ఇంకో ఎల్ఈడీకి. ఇంకోటి, యూఆర్ట్‌లైట్‌లో ముందే ఉండే బాడ్ 9600, నువ్వు టెర్మినల్ 115200లో తెరిచి ఉంటావు. మెమరీ అడిగావుగా, ఆ చిప్‌లో బ్లాక్ ర్యామ్ మొత్తం 1800 కిలోబిట్లు, అంటే 225 కిలోబైట్లు. వివాడో ఆటోమేషన్ మామూలుగా ప్రాసెసర్‌కి 8 కేబీ మాత్రమే పెడుతుంది, 64కి పెంచు. 8 కేబీలో ప్రింట్‌ఎఫ్ వాడితే లింకర్ పట్టలేదని అరుస్తుంది, దాని చిన్న రూపం ఎక్స్ఐఎల్ ప్రింట్‌ఎఫ్ వాడుకో.

లక్డీకాపూల్_లాజిక్
నిజమే, నేను విజర్డ్‌కి రీసెట్ పిన్ తీసేశా, అందుకే నాకు పనిచేసింది. చెప్పడం మర్చిపోయా.

గోదావరి_బిట్స్
వచ్చింది!! క్లాక్_డొమైన్ అన్నా, లాక్డ్ ఎల్ఈడీ వెలిగింది, రీసెట్ ఎల్ఈడీ కూడా వెలిగే ఉంది. ప్రాసెసర్ సిస్టమ్ రీసెట్ బ్లాక్‌లో యాక్టివ్ హై చేశా, బాడ్ 9600 చేశా, హలో వరల్డ్ పడింది. మా టీమ్‌మేట్ కుర్చీలోంచి లేచి అరిచాడు. మాస్టర్ సర్ మాట మనసులో ఉండిపోయి, రాత్రి పికోఆర్‌వీ32 కూడా పెట్టా, బ్లాక్ ర్యామ్‌లో 32 కేబీ, డివైడర్ 868. హలో అనే మాట వస్తోంది, దాని తర్వాత కౌంటర్ నంబర్ ప్రింట్ చేయబోయి ఆగిపోతోంది. రీసెట్ కాదు, రీసెట్ ఎల్ఈడీ ఆరిపోయే ఉంది.

హెక్స్_బాధితుడు
మెమరీలోకి ప్రోగ్రామ్ నింపే హెక్స్ ఫైల్ చూడు. ఆబ్జ్‌కాపీ టూల్‌తో వెరిలాగ్ ఫార్మాట్ తీస్తే మామూలుగా బైట్ బైట్‌గా రాస్తుంది, నీ మెమరీ 32 బిట్లు, ఒక్కో వర్డ్‌లో ఒక్కో బైట్ పడుతుంది. నాకు రెండు రోజులు.

వేవ్‌ఫామ్_మాస్టర్
అలా అయితే హలో కూడా రాదు. గోదావరీ, కోర్ తప్పు తగిలి ఆగిపోతే లేచే ట్రాప్ అవుట్‌పుట్ ఉంది చూశావా, దాన్ని ఎల్ఈడీకి కట్టు. వెలిగితే కంపైలర్‌కి ఏ మార్చ్ (ఏ ఇన్‌స్ట్రక్షన్లు వాడొచ్చో చెప్పే ఆప్షన్) ఇచ్చావో ఇక్కడ రాయి.

గోదావరి_బిట్స్
వెలిగింది సర్. ఆర్‌వీ32ఐఎం ఇచ్చా.

వేవ్‌ఫామ్_మాస్టర్
అదే. ఐఎంలో ఎం అంటే గుణకారం, భాగహారం; పికోలో వాటి పారామీటర్లు ఎనేబుల్ మల్, ఎనేబుల్ డివ్ రెండూ మొదట సున్నా. నంబర్‌ని పదితో భాగిస్తున్నావు కదా, కంపైలర్ నిజం డివైడ్ ఇన్‌స్ట్రక్షన్ వేసింది, కోర్‌కి అది తెలియదు, ట్రాప్‌లోకి వెళ్లి కూర్చుంది. ఆర్‌వీ32ఐ పెట్టు, లేదా ఆ రెండు పారామీటర్లు ఒకటి చెయ్యి. ఆర్‌వీ32ఐ పెడితే భాగహారం ఫంక్షన్ దొరకలేదని లింకర్ అంటుంది, లిబ్‌జీసీసీ లైబ్రరీ కలుపు. డిస్అసెంబ్లీ (ప్రోగ్రామ్‌లోని ఇన్‌స్ట్రక్షన్ల జాబితా) తెరిచి ఆ ఇన్‌స్ట్రక్షన్ నీ చేత్తో వెతుకు, నేను చెప్పానని వదిలేయకు.

గోదావరి_బిట్స్
దొరికింది సర్, డీఐవీయూ, సరిగ్గా ఆ లూప్‌లోనే ఉంది. ఆర్‌వీ32ఐ చేసి లిబ్‌జీసీసీ కలిపా, నంబర్లు పడుతున్నాయి. రీసెట్ వదిలాక మొదటి ఫెచ్ సున్నా నుంచి, వేవ్‌ఫామ్‌లో చూశా. రివ్యూకి మైక్రోబ్లేజ్ తీసుకెళ్తా, పికో పక్కన నడుపుకుంటా. ల్యాప్‌టాప్ సంగతి ఎవరూ చెప్పలేదు.

ల్యాబ్_తాళం
నాదీ 8 జీబీయే, బేసిస్ 3 సైజుకి నడుస్తుంది బ్రో, క్రోమ్ మూసెయ్.

మోటార్_డ్రైవ్_మూర్తి
బాగుంది బాబూ. ఇప్పుడు పీడబ్ల్యూఎం. ముందు ఎల్ఈడీకి కట్టి వెలుగు మెల్లగా పెరుగుతోందో లేదో చూడు, ఆ తర్వాతే మోటార్. బోర్డ్ అంచున ఉండే పీమాడ్ కనెక్టర్ పిన్ 3.3 వోల్ట్స్, దానికి మోటార్ నేరుగా తగిలించొద్దు, మధ్యలో డ్రైవర్ బోర్డ్ పెట్టు, గ్రౌండ్ రెండింటికీ కలుపు. పవర్ ఇవ్వగానే డ్యూటీ రిజిస్టర్ (పల్స్ వెడల్పు ఉండే చోటు) సున్నాలో ఉండేలా రీసెట్ రాయి, లేకపోతే సాఫ్ట్‌వేర్ లేచేలోపే మోటార్ ఫుల్ స్పీడ్‌లో తిరిగి టేబుల్ మీంచి పడుతుంది. మాది అలాగే పడింది.