సోడియం హైపోక్లోరైట్ (హైపో) సాంద్రత రీడింగ్ నిలవడం లేదు, బుడగలు ఎలా పోగొట్టాలి?

రాయగడలో మా నీటి శుద్ధి కేంద్రానికి వచ్చే సోడియం హైపోక్లోరైట్ (నీటిలో క్రిములను చంపే ద్రావణం, సుమారు 12 శాతం) సాంద్రత కొలవాలి, కొత్త ప్లాస్టిక్ ట్యాంకు ఆ బరువుకు ఆగుతుందో లేదో భద్రతా నివేదికలో రాయాలి. 25 మి.లీ. స్పెసిఫిక్ గ్రావిటీ బాటిల్‌ను (నింపి తూచి సాంద్రత కనుక్కునే, మూతలో సన్న రంధ్రం ఉన్న గాజు సీసా) 30 డిగ్రీల నీటితో (సాంద్రత 0.9957 గ్రా./మి.లీ.) సరిచూశాను, తేడా లేదు. హైపో పోస్తే మాత్రం మొదట 1.19 వచ్చి, పది నిమిషాల్లో 1.17కి పడిపోతోంది. ఆక్సిజన్ బుడగలు గాజుకు అంటుకుని ద్రావణాన్ని మూత రంధ్రంలోంచి బయటికి తోసేస్తున్నాయి. బాటిల్ మెల్లగా తట్టి చూశాను, శాంపిల్‌ను రాత్రంతా చీకట్లో చల్లగా ఉంచాను, హైడ్రోమీటర్ (ద్రవంలో తేలుతూ సాంద్రత చూపే గొట్టం) పెడితే దానికీ బుడగలు పట్టి పైకి లేస్తోంది. వేడి చేయలేను, క్లోరేట్‌గా మారిపోతుంది. ద్రావణం గాఢత తగ్గకుండా, తూచే ముందు ఈ బుడగలు పోగొట్టడానికి మీ ల్యాబ్‌లో ఏం చేస్తారు?