సార్వా (ఖరీఫ్) వరి చేలు మునిగాయి: మీ దగ్గర ఏం చేశారు, ఏది పనిచేసింది?

ఎర్రకాలువ_దిగువన
మాది నిడదవోలు వైపు. ఎర్రకాలువ పొంగి పల్లపు చేలన్నీ మునిగాయి. నిజానికి మా ఊళ్లో పెద్ద వానే లేదు. పైన ఏజెన్సీలో కురిసింది, కొంగువారిగూడెం ప్రాజెక్టు నుంచి వదిలారు, ఆ నీళ్లొచ్చి మా మీద కూర్చున్నాయి. స్వర్ణ రకం వరి నాటి నెల కూడా కాలేదు. రోడ్డు మీద నిలబడి చూస్తే గట్లు కూడా కనబడట్లేదు. 2024 జూలైలోనూ ఇంతే, అప్పుడు చాలామంది నారు కొనుక్కొచ్చి మళ్లీ నాటారు. ఇప్పుడు సగం మంది యూరియా బస్తాలు తెచ్చి పెట్టుకున్నారు, నీళ్లుండగానే చల్లేద్దామని. ఎరువుల కొట్లో ఏవేవో టానిక్కులు అంటగడుతున్నారు. ఇదివరకు మునిగినవాళ్లు చెప్పండి. చేను బతికిందో లేదో ఎలా తెలిసింది? దున్నేద్దామని ఎప్పుడు తేల్చుకున్నారు?

మార్టేరు_పక్కన
నీళ్లుండగా యూరియా వద్దండీ. మొత్తం డ్రెయిన్‌లోకే పోతుంది. టానిక్కులు అసలే వద్దు.

నీళ్లు కాస్త తీశాక చేలోకి దిగి నాలుగైదు చోట్ల కుదురు పీకండి. మొదలు గోటితో చీల్చి చూడండి. లోపల మొవ్వు తెల్లగా, గట్టిగా ఉంటే పైన ఆకులు ఎంత కుళ్లినా బతికినట్టే. నొక్కగానే మెత్తగా జారి కంపు కొడితే పోయినట్టు. గట్టు పక్కన మాత్రమే చూసి తేల్చుకోకండి, అది మెరక, ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. చేను మధ్యలోకి వెళ్లాలి.

ఆకు చివర్లు బయట ఉంటే వరి చాలానే తట్టుకుంటుంది. పూర్తిగా మునిగితేనే ప్రమాదం. అందులోనూ తేట నీళ్లు నయం. ఎర్రకాలువ నీళ్లు బురద కదా, ఆకు మీద ఒండ్రు పట్టి తొందరగా చస్తుంది. నీళ్లు తీసేశాక ఎకరానికి 20 కిలోల యూరియా, 20 కిలోల పొటాష్ అదనంగా వేయమని శాస్త్రవేత్తలు చెబుతారు, మేమూ అదే వేస్తాం. పొటాష్ రేటు చూసి చాలామంది అది మానేసి యూరియా డబుల్ చేస్తారు. యూరియా ఎక్కువైతే ఆకుఎండు తెగులు భయం ఉంది కాబట్టి అలా చేయకండి. మచ్చ కనిపిస్తే యూరియా ఆపేయాలి.

అక్కడక్కడా చచ్చిపోతే దున్నక్కర్లేదు. బాగా పిలకలు పెట్టిన కుదుళ్లు చీల్చి ఖాళీల్లో నాటుకోవచ్చు. కూలీ ఖర్చే, కానీ కొత్త నారు కంటే తక్కువలో పోతుంది.

అగ్రి_చదువు
పై పోస్టు కరెక్ట్. ఒక్క మాట కలుపుతా. ప్రతి ఏడూ మునిగే చేలల్లో మామూలు స్వర్ణ ఎందుకు వేస్తున్నారు? స్వర్ణ సబ్-1 వచ్చి చాలా ఏళ్లయింది. ఒడిశాలోని ఒక పాత రకం నుంచి ముంపు తట్టుకునే జన్యువు తెచ్చి మన ఎంటీయూ 7029లో, అంటే మామూలు స్వర్ణలోనే పెట్టారు. మునగగానే పొడుగు పెరగడం మానేసి ఊపిరి బిగబట్టిన మనిషిలా ఉంటుంది, రెండు వారాల దాకా ఆగుతుంది. మామూలు రకాలు నీళ్లపైకి రావాలని సాగి, ఉన్న శక్తంతా ఖర్చు చేసుకుని, నీళ్లు తగ్గగానే పడిపోతాయి.

ఎర్రకాలువ_దిగువన
విత్తనం దొరకాలి కదా సార్. అడిగితే మామూలు స్వర్ణే ఇచ్చి పంపారు.

డ్రెయిన్_పిచ్చోడు
మాది కోనసీమ. ఎరువుల సంగతి తర్వాత, ముందు మీ మురుగు కాలువ ఎలా ఉందో చెప్పండి. వాన ఎప్పుడూ పడేదే. మునిగిన నీరు రెండు మూడు రోజుల్లో దిగితే చేనుకి ఏమీ కాదు. దిగకుండా నిలబడితేనే కుళ్లేది. మా దగ్గర డ్రెయిన్ నిండా గుర్రపుడెక్క, మీద నడిచి పోవచ్చన్నంత దట్టంగా. దానికి తోడు ఒడ్డు కొరికి చేపల చెరువుల గట్లు. కాగితం మీద ఉన్న వెడల్పు నేల మీద ఉండదు.

మాకు ఇంకో బాధ ఏంటంటే సముద్రం. అమావాస్యకో పౌర్ణమికో వాన తగిలితే పోటు నీరు డ్రెయిన్‌లోకి ఎదురు తంతుంది. శంకరగుప్తం డ్రెయిన్ పక్కన కొబ్బరి చెట్లు ఉప్పు నీటికి మొవ్వు వాలిపోయి ఎలా ఉన్నాయో చూసినవాళ్లకి తెలుసు. 2011లో కోనసీమ రైతులు సార్వాకి క్రాప్ హాలిడే, అంటే పంట వేయమని ప్రకటించారు కదా, అది అందరికీ మద్దతు ధర గొడవగానే గుర్తుంది. మురుగు గొడవ కూడా అందులో ఉంది.

మా ఆయకట్టు వరకు మేం చేసిందేంటంటే, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఎకరానికి ఇంతని చందా వేసుకుని పొక్లెయిన్ పెట్టి కల్వర్టుల దగ్గర మాత్రం డెక్క తీయించాం. మొత్తం డ్రెయిన్ తీయడం మన వల్ల కాదు. కానీ కల్వర్టు కంతలు తెరుచుకుంటే నీరు దిగడంలో తేడా స్పష్టంగా కనిపించింది. వాన మొదలయ్యాక ఫోన్లు చేసుకుంటే అధికారులూ ఏమీ చేయలేరు, నీళ్లలో మిషన్ దిగదు. మందు కొట్టి డెక్క చంపేద్దామనేవాళ్లూ ఉన్నారు. అది కుళ్లి అడుక్కి దిగి డ్రెయిన్ ఇంకా పూడుతుంది, పశువులు తాగేదీ ఆ నీళ్లే.

మున్నేరు_ఒడ్డు
అన్నా, మీకు నీళ్లు దిగవు, మాకు నీళ్లు దిగినంక అసలు కష్టం. 2024 సెప్టెంబర్ 1న ఖమ్మం దగ్గర మున్నేరు 36 అడుగుల దాకా వచ్చింది. పొద్దుటికల్లా పత్తి చేలు లేవు, ఇసుక ఉంది. కొన్ని చోట్ల మేట మోకాలు లోతు, కొన్ని చోట్ల పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలినయి. బోరు మోటర్లు, స్టార్టర్ డబ్బాలు పోయినయి. ఎకరానికి 10 వేలని ప్రభుత్వం ప్రకటించింది, అది పంటకు. నేలకు వేరే లెక్క.

ఇసుక మేట పడ్డోళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. కేంద్రం 2022-26 నిబంధనల ప్రకారం మూడు అంగుళాల కంటే మందంగా మేట ఉంటేనే తీసుకోవడానికి సాయం, హెక్టారుకు 18 వేలు. కాబట్టి జేసీబీ పెట్టేముందు టేపు గుచ్చి, కొలత కనిపించేటట్టు, వెనక ఏదైనా చెట్టో కరెంటు స్తంభమో పడేటట్టు ఫొటోలు తీసి పెట్టుకోండి. తీసేసినంక అధికారి వచ్చి ఎక్కడుంది మేట అంటే ఏం చూపిస్తం? ఆ 18 వేలు జేసీబీకి ఏ మూలకూ రావు, అది వేరే సంగతి.

ఇంకో విచిత్రం వినండి. అదే వరదకు నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. దాంతో దిగువన నీళ్లు బంద్. మునగకుండా మిగిలిన వరి నీళ్లు లేక ఎండుముఖం పట్టింది. ఒకే నెలల రెండూ చూసినం.

నీళ్లు నిలిచి వడలిన పత్తికి మొదళ్లలో కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి పోస్తే కొంత తేరుకుంది. ఆలస్యంగా పోసిన చేలు తేరుకోలేదు.

లంక_పసుపు
పత్తి నయం. 2024లోనే ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు మా కొల్లూరు వైపు లంకల్లో పసుపు, కంద, అరటి అన్నీ పోయాయి. 2009 అక్టోబర్ వరదే పెద్దదనుకునేవాళ్లం, దాన్నీ దాటింది. పసుపు పైకి పచ్చగానే ఉంటుంది, లోపల దుంప కుళ్లిపోతుంది. అధికారులు పంట బాగానే ఉందని రాసుకుపోయాక తవ్వితే ఏమీ లేదు. దుంప పంటలవాళ్లు లెక్కలకి వచ్చినవాళ్ల ముందే తవ్వి చూపించండి.

హైదరాబాద్_నుంచి
నాదొక సందేహం, తప్పుగా అనుకోవద్దు. బాపట్ల దగ్గర మాకు కొంచెం పొలం ఉంది, కౌలుకిచ్చాం. గతంలో నష్టపరిహారం నా అకౌంట్లో పడింది. కౌలుదారు అడిగితే ఇచ్చేశాను. మా అన్నయ్య మాత్రం భూమి మనది, డబ్బూ మనదే అంటున్నాడు. మీ ఊళ్లో ఎలా చేస్తారు?

మక్తా_రైతు
మీరు ఇచ్చారు, సంతోషం. మీ అన్నయ్యగారినే ఒకటి అడగండి. మునిగిన విత్తనం ఎవరిది? దమ్ము ఖర్చు, నాట్ల కూలీ ఎవరిచ్చారు? మా దగ్గర మక్తా (కౌలు) సగం ముందే కట్టాలి. పంట పోయినా మక్తా ఆగదు. బయట తెచ్చిన అప్పుకి నూటికి రెండు, మూడు వడ్డీ. పరిహారం మాత్రం పాసుపుస్తకం ఉన్నాయనకి.

పద్ధతి లేక కాదు. ఆంధ్రలో 2019 చట్టం ప్రకారం పంట సాగుదారు హక్కు కార్డు ఉంది, పదకొండు నెలలకే. దానివల్ల భూమి మీద హక్కేమీ రాదు, కాగితంలోనే రాసుంటుంది. అయినా భూమి ఆసామి సంతకం పెట్టాలి, అక్కడే ఆగిపోతుంది. ఎక్కడో పట్నంలో ఉంటారు, సంతకం అంటే భూమి పోతుందని టెన్షన్. కార్డు లేదు కాబట్టి ప్రభుత్వం పంటలు నమోదు చేసే ఈ-పంటలో మా పేరు ఎక్కదు. పేరు లేదు కాబట్టి పరిహారం లేదు, బీమా లేదు. ఆఖరికి ధాన్యం అమ్మడానికీ ఆసామి పేరే వాడాలి. 2024లో ఆంధ్రలో వరికి పరిహారం హెక్టారుకు 25 వేలన్నారు. మా వీధిలో పండించినవాళ్ల చేతికి అందులో ఎంత వచ్చిందో అడక్కండి.

మీరు పొలానికి వచ్చినప్పుడు ఆ సంతకం ఒకటి పెట్టేయండి బాబూ. మీ మంచితనం మీద కౌలుదారు ప్రతిసారీ ఆధారపడక్కర్లేదు.

హైదరాబాద్_నుంచి
పండక్కి వస్తున్నా. పెడతాను.

మార్టేరు_పక్కన
పై విషయానికి చేర్పు. 33 శాతం, ఆపైన నష్టం ఉంటేనే పరిహారం లెక్కలోకి తీసుకుంటారు. అందుకే కొంచెం తేరుకున్న చేలు కూడా జాబితా నుంచి ఎగిరిపోతాయి. జాబితా రైతు సేవా కేంద్రంలో అంటించినప్పుడు వెళ్లి చూసుకోండి, అభ్యంతరాలకి గడువు తక్కువ. బీమా కట్టినవాళ్లు ముంపు జరిగిన 72 గంటల్లోపు తెలియజేయాలి.

బాపట్ల_మసూరి
ఇప్పుడు కాకపోయినా కోతలప్పుడు పనికొస్తుందని రాస్తున్నా. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను మా దగ్గరే తీరం దాటింది. కోయాల్సిన చేను పడిపోయింది, కోసిన పనలు నీళ్లలో తేలాయి. సాంబ మసూరి గింజ తడిస్తే ఆగదు, వెన్ను మీదే మొలకొస్తుంది. లీటరు నీళ్లకి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నులు బాగా తడిసేలా కొట్టినచోట మొలక తగ్గింది. వాన తెరిపిచ్చిన వెంటనే కొట్టాలి, మొలక కనిపించాక కొట్టి లాభం లేదు. తడిసిన ధాన్యం మిల్లుకి తీసుకెళ్తే తేమ పేరుతో, రంగు పేరుతో కోత మీద కోత. రంగు మారిన ధాన్యమూ కొంటామన్న ప్రకటన పేపర్లో చదివాం, మిల్లు గేటు దగ్గర ఎవరూ చదివినట్టు లేదు.

పాడి_గేదెలు
అందరూ పంట గురించే అంటున్నారు. వరద నీళ్లు తాగిన గేదెలకి గొంతువాపు రావచ్చు, టీకా వేయించకపోతే ఒక్క పూటలో పోతాయి. ముంపు వస్తుందని తెలిస్తే పలుపులు విప్పేయండి, కట్టు మీద ఉన్నవే చస్తాయి. చనిపోయిన పశువుకి పరిహారం రావాలంటే పశువైద్యుడి కాగితం ఉండాలి, పూడ్చేముందే పిలవండి. గడ్డివాములో చేయి పెట్టేముందు కర్రతో కదపండి, పాములన్నీ మెరకకి చేరేది అక్కడికే.

ఎర్రకాలువ_దిగువన
అందరికీ థాంక్స్ అండి. నీరు మోకాళ్ల లోతుకి తగ్గింది. ఇవాళ మధ్య చేలోకి దిగి చూశా. పైన రెండెకరాలు మొవ్వు గట్టిగానే ఉంది. పల్లపుది పోయింది, చీల్చి నాటడానికి కూడా మిగల్లేదు. మా వైపు ఎవరి దగ్గరా నారు లేదు. ఎక్కడైనా ఉంటే చెప్పండి.

డ్రెయిన్_పిచ్చోడు
నారు దొరక్కపోతే ఎంటీయూ 1121 లాంటి తక్కువ రోజుల రకం విత్తనం మండె కట్టి (నానబెట్టి మొలకెత్తించి) వెదజల్లండి, నీళ్లు పూర్తిగా తీయగలిగితేనే. చేలో నీరు నిలబడితే అదీ మురిగిపోతుంది.

ఉండి_వైపు
మా బావమరిది దగ్గర ఎకరానికి సరిపడా స్వర్ణ నారు మిగిలింది, కాస్త ముదురు. కుదురుకి నాలుగైదు మొక్కలు పెట్టి దగ్గరగా నాటుకుంటే సరిపోతుంది. డబ్బులు తర్వాత చూసుకుందాం, ముందు ట్రాక్టర్ పంపండి.