కేసు నడుపుకుంటనే క్షమించొచ్చా?

పర్కాల రైతు:
అందరికీ వందనాలు. మా బాపు పోయిన ఏడాదికే చిన్నబాపు గెట్టు జరిపిండు. ఆరు గుంటలు. బాపు సున్నం పూసి పాతిన హద్దురాయిని పీకి వాళ్ల బోరు కాడ బట్టలుతికే బండ చేసుకున్నరు. అడిగితే అక్కడ రాయి లేనే లేదంటడు. పెద్దమనుషుల్ల పెట్టినం, తెగలే. నాలుగేండ్ల సంది కోర్టుల నడుస్తంది. ఇద్దరిదీ ఒకటే చర్చి సంఘం.

ఇప్పుడు ఆయనకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డడు. మా అవ్వ "పోయి చూసిరా బిడ్డా" అంటది. సంఘపెద్ద ఒకాయన "కేసు వాపసు తీసుకుంటేనే క్షమించినట్టు, అప్పటిదాంక ప్రభువు బల్లల, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే కాడ, చెయ్యి వెయ్యకు" అన్నడు. మూడు నెల్ల సంది రొట్టె, ద్రాక్షరసం నా ముందు నుంచే పోతున్నయి. క్షమించుడంటే భూమి ఇడిచిపెట్టుడేనా?

కాజీపేట అన్న:
తమ్మీ, చేదుగున్నా చెప్త. బైబిల్ల మొదటి కొరింథీ పత్రిక 6వ అధ్యాయం చదువు. విశ్వాసులు ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కుడే ఓటమి, అన్యాయం సహించుడే మేలు అని పౌలు తేటగ రాసిండు. ఆరు గుంటలు పోతే పోనీ.

నర్సంపేట టీచర్:
అన్నా, "పోతే పోనీ" అనే మాట పోగొట్టుకున్న మనిషి నోట రావాలి, పక్కనున్న మనం అనకూడదు. నా భర్త తాగి కొట్టిన రోజుల్లో ప్రతిసారీ నాకు ప్రార్థన చేసి, "క్షమించు బిడ్డా" అని ఇంటికి పంపారు. ఆయన్ని కూర్చోబెట్టి అడిగినవాళ్లు ఒక్కరు లేరు.

మత్తయి సువార్త 18వ అధ్యాయం తెరవండి. డెబ్బది ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు, క్షమించమన్నది 22వ వచనం. అంతకుముందే 15లో, తప్పు చేసిన సహోదరుని దగ్గరికి పోయి ఒంటరిగా ఉన్నప్పుడు గద్దించమని ఉంది. మనం 15ని దాటేసి, 22ని మాత్రం బాధపడ్డవాళ్ల నెత్తిన పెడుతున్నాం. ఆ తర్వాతి కథలో, రాజు దగ్గర పెద్ద అప్పు మాఫీ అయిన దాసుడు, తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుణ్ని పట్టుకుంటాడు. ఆ బాకీ కూడా చిన్నదేం కాదు. దేనారం అంటే ఒక రోజు కూలి. మూడు నెలల పైచిలుకు కష్టం. నీ నష్టం కొంచెమే కదా అని ప్రభువు అనలేదు.

కాజీపేట అన్న:
చెల్లె, నీ విషయంల తప్పు సంఘానిదే, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ కథల రాజు పదివేల తలాంతుల అప్పు, బతుకంతా కష్టపడ్డా తీరనంత అప్పు, మొత్తానికే కొట్టేసిండు గదా. ఆ ముక్క ఎట్ల మర్చిపోతం?

నర్సంపేట టీచర్:
మర్చిపోవద్దు. అయితే ఆ దాసుడు అప్పు లేదనలేదు, కాళ్ల మీద పడ్డాడు. ఇక్కడేమో రాయే లేదంటున్నారు.

అట్లని ఆయన ఒప్పుకునేదాకా పగ పట్టుకొని ఉండమని నేను అనను. ప్రభువు "తండ్రీ, వీరిని క్షమించుము" అన్నప్పుడు సిలువ వేసినవాళ్లు ఎవరూ తప్పు ఒప్పుకొని లేరు. గ్లాడిస్ స్టెయిన్స్ గుర్తున్నారా? 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆమె భర్త గ్రాహంనూ, ఇద్దరు చిన్న కొడుకులనూ బండిలో నిద్రపోతుండగా తగలబెట్టారు. ఆమె క్షమించానన్నారు. బరిపదలో కుష్ఠురోగుల సేవ వదల్లేదు. కేసు మాత్రం నడిచింది, 2011లో సుప్రీంకోర్టు ప్రధాన దోషికి యావజ్జీవం ఖాయం చేసింది. దాంతో ఆమె క్షమించడం అబద్ధమైపోయిందా?

తమ్ముడూ, కొలిచే పని సర్వేయరుది. పగతీర్చే పని తనదని దేవుడే చెప్పాడు. నిన్నొకటి అడుగుతా. ఆయన మంచం పట్టాడని విన్నప్పుడు లోపల సంతోషమైందా? బల్ల దగ్గర తేల్చుకోవలసింది అది.

పర్కాల రైతు:
అయింది అక్కా. రాయనీకి సిగ్గైతంది.

నిన్న పోయిన. చిన్నమ్మ బోరు కాడ నీళ్లిస్తే ఆ రాయి మీదనే నిలబడి కాళ్లు కడుక్కున్న. ఒక మూలకు సున్నం ఇంకా కనపడుతంది. చిన్నబాపుకు మాట వస్తలేదు. ఎడమ చెయ్యితోని నా చెయ్యి పట్టుకొని ఎంతసేపటికీ ఇడువలే. భూమి ముచ్చట నేను తియ్యలే.

కేసు వాపసు తీసుకోలే, వచ్చే వాయిదాకు పోత. ఈ ఆదివారం బల్ల ఉంది. దానికీ పోత.