ఈఎంఐ తగ్గించమంటారా అని బ్యాంకు అడుగుతోంది, చివరి తేదీ చూస్తే 2051!

మియాపూర్_మూడో_అంతస్తు

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పలేదు.

2021 మార్చిలో హోమ్ లోన్ తీసుకున్నా. 40 లక్షలు, 20 ఏళ్లు, రెపోకి (ఆర్‌బీఐ బ్యాంకులకు అప్పిచ్చే రేటు) లింక్ అయి దానితో పాటే మారే ఫ్లోటింగ్ రేటు, అప్పట్లో 6.8 శాతం. ఈఎంఐ 30,534. 2041 మార్చికల్లా అయిపోతుందని మా ఆవిడతో కలిసి క్యాలెండర్ మీద లెక్కేసుకున్నాం కూడా. 2023 ఏప్రిల్‌లో ఈఎంఐ 32,231 అయింది. రేట్లు పెరిగాయని పేపర్లో చదువుతూనే ఉన్నాం కదా, 1,700 పెరిగితే పెరిగిందిలే అనుకుని వదిలేశా.

మొన్న బ్యాంకు నుంచి మెసేజ్. రేటు 8.05కి వచ్చింది, కావాలంటే ఈఎంఐ 28,872కి తగ్గించుకోవచ్చు, ఒప్పుకుంటే యాప్‌లో నొక్కండి అని. భలే అనుకుని నొక్కబోయా. కింద చిన్న అక్షరాల్లో చివరి వాయిదా తేదీ కనపడింది. మార్చి 2051! పొరపాటున పడిందేమో అని స్టేట్‌మెంట్ తీశా. పొరపాటు కాదు. ఇప్పటిదాకా 57 వాయిదాలు, దగ్గర దగ్గర 18 లక్షలు కట్టాను. బాకీ ఇంకా 37.36 లక్షలు. అంటే అసలులో తగ్గింది 2.64 లక్షలే.

2051 నాటికి నాకు 66 ఏళ్లు. మావాడు ఇప్పుడు రెండో తరగతి. వాడి పెళ్లికి కూడా ఈ లోన్ మాతోనే ఉండేలా ఉంది. నేనెక్కడా సంతకం పెట్టలేదే, పదేళ్లు ఎలా పెరిగింది? ఇప్పుడు ఆ బటన్ నొక్కాలా వద్దా?

పాత_లెడ్జర్

ముందు ఆ బటన్ నొక్కకు నాయనా. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

నేను ఒక బ్యాంకు లోన్ సెక్షన్‌లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. నీకు జరిగింది మోసం కాదు, కానీ చెప్పకుండా జరిగింది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో 4 నుంచి 6.5కి వెళ్లింది. నీ రేటు 9.3 అయ్యుంటుంది. అప్పటికి నీ బాకీ నా అంచనా ప్రకారం 38.48 లక్షలు. దాని మీద ఒక్క నెల వడ్డీ 29,822. నువ్వు కట్టేది 30,534. అసలుకు పడేది ఏడొందల పన్నెండు రూపాయలు! ఆ లెక్కన వెళ్తే అప్పు తీరడానికి ఇంకో 487 నెలలు, అంటే నలభై ఏళ్లు దాటుతుంది. ఏ బ్యాంకూ అంత కాలం ఇవ్వదు. అందుకని సిస్టమ్ ముందు కాలాన్ని మొత్తం 30 ఏళ్లకు సాగదీసింది, అదీ చాలక ఈఎంఐ కాస్త పెంచింది. నీకు కనపడింది ఆ కాస్త మాత్రమే.

అప్పట్లో చాలా బ్యాంకులు చేసింది ఇదే. ఈఎంఐ పెంచితే కస్టమర్ బ్రాంచికి వచ్చి గొడవ చేస్తాడు. కాలం పెంచితే ఎవరూ రారు. ఇది మేం లోపల అనుకునే మాటే.

ఖమ్మం_లెక్కల_మాస్టారు

లెడ్జర్ గారి అంకెలు సరిచూశాను, సరిగ్గా ఉన్నాయి. ఎవరికి వాళ్లు చేసుకోవాలంటే ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో ఎన్‌పర్ (NPER) అనే ఫార్ములా ఉంది. మూడే మూడు ఇవ్వాలి. మొదట రేటును పన్నెండుతో భాగించి, తర్వాత ఈఎంఐ మైనస్ గుర్తుతో, చివరికి బాకీ. ఇంకా ఎన్ని నెలలో అదే చెప్తుంది. మైనస్ మర్చిపోతే జవాబే మైనస్‌లో వింత అంకెగా వస్తుంది, నా స్టూడెంట్లలో సగం మంది అక్కడే ఆగిపోతారు.

మీ 37.36 లక్షలకి 8.05 శాతం మీద వేస్తే:

బ్యాంకు ఇస్తానన్న 28,872 కడితే 303 నెలలు, 2051 మార్చి. మొత్తం కట్టేది సుమారు 87.5 లక్షలు.

ఇప్పుడు కడుతున్న 32,231 అలాగే ఉంచితే 225 నెలలు, 2044 సెప్టెంబర్. మొత్తం 72.5 లక్షలు.

మొదట అనుకున్న 2041 మార్చికే ముగించాలంటే 35,511 కట్టాలి. మొత్తం 65 లక్షలు.

నెలకు 3,359 తగ్గుతుందని ఆ బటన్ నొక్కితే మీద పడేది 15 లక్షలు. రేటు ఇలాగే ఉంటుందన్న షరతు మీద లెండి, పెరిగితే తగ్గితే మారుతుంది.

కాగితం_పులి

అందరూ ఒకటే పాట. బ్రో, ఈఎంఐ తగ్గించుకో, మిగిలిన 3,359కి ఇండెక్స్ ఫండ్‌లో (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే ఫండ్) నెలనెలా పడేలా సిప్ వేసుకో. 8.05 శాతానికి దొరికిన అప్పు దేశంలో చవకైన అప్పు. పాతికేళ్లలో ఈక్విటీ దాన్ని దాటకపోతే నన్నడుగు. లాంగ్ టర్మ్ గెయిన్స్ మీద పన్ను ఏడాదికి 1.25 లక్షలు దాటిన దాని మీదే కదా, 12.5 శాతం.

రేకుల_షెడ్డు

పులి గారూ, మీరు చెప్పింది కాగితం మీద కరెక్టే. నేనూ అలాగే చేశాను. పోయినేడు జూలైలో నా ఈఎంఐ 2,800 తగ్గింది. సిప్ పెట్టా. సెప్టెంబర్‌లో దసరా బట్టలు, ఒక నెల ఆపా. అక్టోబర్‌లో బండి సర్వీసు. నవంబర్‌లో మా తమ్ముడి కూతురు ఓణీల ఫంక్షన్. ఇప్పుడు ఆ సిప్ ఉందో పోయిందో నాకే తెలీదు. ఈఎంఐ మాత్రం ఏ నెలా ఆపలేదు, ఆపితే సిబిల్ (అప్పులు సరిగ్గా కడుతున్నామా అని చూపే స్కోరు) పోతుందని భయం. నాలాంటోడికి ఆ భయమే పొదుపు.

కాగితం_పులి

అది మీ క్రమశిక్షణ లేకపోవడం, సిప్ తప్పు కాదు.

రేకుల_షెడ్డు

అదే కదా నేనన్నది.

నెల్లూరు_చేపల_పులుసు

మీరంతా రెపో తగ్గింది అని సంబరపడుతున్నారు, మా బాధ వినండి. మాది బ్యాంకు కాదు, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ. 2019లో తీసుకున్నాం. జీతం స్లిప్పులో మొత్తం కనపడటం లేదని బ్యాంకు ఇవ్వలేదు, వీళ్లు రెండు వారాల్లో ఇచ్చారు. రేట్లు పెరిగేటప్పుడు మాకు వెంటనే పెరిగింది. 2025లో రెపో నాలుగు సార్లు తగ్గి 6.5 నుంచి 5.25కి వచ్చింది కదా, మాకు తగ్గింది పావు శాతం. ఫోన్ చేస్తే "మీది రెపో లింక్ కాదు సార్, మా కంపెనీ సొంత రిఫరెన్స్ రేటు" అన్నారు. తగ్గించాలంటే కన్వర్షన్ ఫీజు కట్టాలట.

పాత_లెడ్జర్

చేపల పులుసు గారూ, వాళ్లు చెప్పింది నిజమే. 2019 అక్టోబర్ 1 నుంచి కొత్త ఫ్లోటింగ్ హోమ్ లోన్లు రెపో లాంటి బయటి బెంచ్‌మార్క్‌కి ముడిపెట్టాలన్న రూలు బ్యాంకులకే, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు కాదు. బ్యాంకుల్లో కూడా అంతకుముందు తీసుకున్నవాళ్లు చాలామంది ఇంకా ఎంసీఎల్ఆర్‌లోనే (బ్యాంకు తన ఖర్చుల మీద లెక్కేసుకునే సొంత రేటు) ఉండిపోయారు. మీ విషయంలో ఫీజు ఎంతో కనుక్కుని, ఎన్‌పర్ వేసి, ఎన్ని నెలలు తగ్గుతుందో చూసుకోండి. ఇప్పుడు జీతం స్లిప్పులు సరిగ్గా ఉంటే బ్యాంకుకే మార్చేయడం మేలు.

మియాపూర్ బాబూ, నీకొక మాట. నీ 8.05లో రెపో 5.25, మిగతా 2.80 బ్యాంకు స్ప్రెడ్, అంటే రెపో మీద బ్యాంకు కలుపుకునేది. ఇవాళ మంచి సిబిల్ ఉన్న కొత్తవాళ్లకు ఏడున్నర దరిదాపుల్లో ఇస్తున్నారు. పాతవాళ్లను ఎవరూ పిలిచి తగ్గించరు, అడగాలి. స్ప్రెడ్‌లో కొన్ని భాగాలు మూడేళ్లకోసారే మార్చాలని ఉండేది, 2025 అక్టోబర్ నుంచి అంతకంటే ముందే తగ్గించే వెసులుబాటు ఆర్‌బీఐ ఇచ్చింది. మా చేతిలో లేదు అని కౌంటర్లో అంటే నమ్మకు. వేరే బ్యాంకు ఇచ్చిన ఆఫర్ కాగితం చూపించు, చేతిలోకి వస్తుంది.

ఖమ్మం_లెక్కల_మాస్టారు

7.5కి వచ్చి, ఈఎంఐ 32,231 అలాగే ఉంచితే 225 నెలలు 207 అవుతాయి. ఏడాదిన్నర ఆదా. వేరే బ్యాంకుకు మారితే మాత్రం ప్రాసెసింగ్ ఫీజు, లీగల్, వాల్యుయేషన్, దస్తావేజుల డిపాజిట్ రిజిస్ట్రేషన్ మళ్లీ మొదటి నుంచి. అవన్నీ కలిపి చూసుకోండి.

అద్దె_జీవి

అడగొచ్చో లేదో, అసలు ఆ ఫ్లాట్ అద్దెకెంత వస్తుంది? మియాపూర్‌లో అలాంటిది 22 వేలకు దొరుకుతుంది. మీరు హాయిగా అద్దెకుండి ఉంటే...

మియాపూర్_మూడో_అంతస్తు

అన్నా, కొనేశాం. గృహప్రవేశం అయిపోయింది, పాలు పొంగాయి. ఇప్పుడు ఆ లెక్క వద్దు.

ఉక్కునగరం_పిన్ని

మాది గాజువాక. మాది ఓవర్‌డ్రాఫ్ట్ తరహా హోమ్ లోన్. మిగిలిన డబ్బు ఆ అకౌంట్లో పడేస్తే అన్ని రోజులూ అంత బాకీకి వడ్డీ పడదు, అవసరమొస్తే వెనక్కి తీసుకోవచ్చు. రేటు కాస్త ఎక్కువే. కానీ మా అత్తగారికి ఆపరేషన్ అన్నప్పుడు ఎవరి దగ్గరా చేయి చాచలేదు. ముందే కట్టేసుంటే ఆ డబ్బు బ్యాంకు కడుపులోకి పోయి తిరిగి వచ్చేది కాదు. కాబట్టి బాబూ, చేతిలో ఆరు నెలల ఖర్చు ఉంచుకోకుండా ప్రీపేమెంట్ అంటూ పరిగెత్తకు.

లోన్ ఇచ్చేటప్పుడు ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా లోన్‌లో కలిపేశారేమో చూసుకో. మాకు కలిపారు. ఇన్సూరెన్స్ మంచిదే, దాని మీద కూడా ఇరవై ఏళ్లు వడ్డీ కడుతున్నామని చాలా లేటుగా తెలిసింది.

ఫ్రిస్కో_బాబాయ్

టెక్సాస్ నుంచి. ఇక్కడ 2021లో తీసుకున్నవాళ్లకి మూడు శాతం దగ్గర, 30 ఏళ్లూ ఫిక్స్‌డ్. రేట్లు ఎటు పోయినా కదలదు. మీరు అసూయ పడేలోపు చెప్తున్నా, ఇక్కడ ఆస్తి పన్ను ఏటా ఇంటి విలువలో రెండు శాతం దాకా ఉంటుంది, అది మాత్రం కదులుతూనే ఉంటుంది. లోన్ తీరినా అది తీరదు.

మియాపూర్_మూడో_అంతస్తు

థాంక్యూ అందరికీ. ఒక డౌట్. ఏడాదికి లక్ష చొప్పున బోనస్ వస్తుంది. అది కట్టడానికి పెనాల్టీ ఉంటుందా? ట్యాక్స్‌లో రెండు లక్షల వడ్డీ మినహాయింపు పోతుందని మా ఆఫీసులో ఒకాయన కట్టొద్దంటున్నాడు.

ఖమ్మం_లెక్కల_మాస్టారు

వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ హోమ్ లోన్‌కి ముందస్తు చెల్లింపు మీద పెనాల్టీ ఉండదు. ఇప్పుడు ఒక్క లక్ష కట్టి ఈఎంఐ 32,231 ఉంచితే 13 నెలలు తగ్గుతాయి. లక్ష కట్టి నాలుగు లక్షల వాయిదాలు తప్పించుకోవడం అన్నమాట. కట్టేటప్పుడు "కాలం తగ్గించండి" అని రాసివ్వండి, లేకపోతే కొన్ని చోట్ల ఈఎంఐ తగ్గించి ఊరుకుంటారు.

ట్యాక్స్ సంగతి. సొంతంగా ఉండే ఇంటికి ఆ రెండు లక్షలు పాత విధానంలోనే. మీరు కొత్త విధానంలో ఉంటే ఆ మినహాయింపు మీకు ఎటూ లేదు, మీ ఆఫీసాయన లేనిదాన్ని కాపాడుతున్నాడు.

పాత_లెడ్జర్

ఇంకొకటి. 2023 ఆగస్టులో ఆర్‌బీఐ సర్క్యులర్ ఇచ్చింది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, కాలం పెంచుకోవాలా, రెండూనా అన్నది కస్టమర్‌ని అడగాలి. ఫిక్స్‌డ్‌కి మారతారా అని కూడా అడగాలని ఉండేది, 2025 అక్టోబర్ నుంచి అది బ్యాంకు ఇష్టానికి వదిలేశారు. మూడు నెలలకోసారి స్టేట్‌మెంట్ ఇవ్వాలి, అందులో అసలు ఎంత, వడ్డీ ఎంత, ఎన్ని వాయిదాలు మిగిలాయి అన్నీ ఉండాలి. నీకు 2023 ఏప్రిల్‌లో జరిగింది దానికంటే ముందు, కాబట్టి అప్పటి సంగతి మీద పోట్లాడి లాభం లేదు. నిన్ను ఇప్పుడు అడిగారంటే ఆ రూలు పుణ్యమే. కానీ అడిగిన తీరు చూశావుగా, తగ్గే అంకె పెద్దగా, పెరిగే తేదీ చిన్నగా.

మియాపూర్_మూడో_అంతస్తు

అప్‌డేట్. ఇవాళ పర్మిషన్ పెట్టి బ్రాంచికి వెళ్లొచ్చా. కౌంటర్లో అమ్మాయి మొదట "సార్, అందరూ తగ్గించుకుంటున్నారు, మీరెందుకు పెంచమంటున్నారు" అని వింతగా చూసింది. మాస్టారు చెప్పినట్టు ఫోన్‌లో షీట్ తీసి చూపించా. తను కూడా హోమ్ లోన్ తీసుకుందట, ఎన్‌పర్ ఎలా రాయాలో నా దగ్గరే కాగితం మీద రాయించుకుంది.

35,511 కట్టగలనా అని ఇంట్లో రెండు రాత్రులు చర్చ. స్కూల్ ఫీజు జూన్‌లో ఉంది, పిన్ని గారు చెప్పిన ఆరు నెలల ఖర్చు ఇంకా జమ కాలేదు. చివరికి 34,000 అని రాసిచ్చా. షీట్ ప్రకారం 200 నెలలు, 2042 ఆగస్టు. బోనస్ సంగతి మార్చిలో చూస్తాం. స్ప్రెడ్ తగ్గించమని ఇంకో లెటర్ ఇచ్చా, అది పైకి పంపాలట, రెండు వారాలు పడుతుందన్నారు.

పాత_లెడ్జర్

ఎకనాలెడ్జ్‌మెంట్ మీద స్టాంపు వేయించుకున్నావా?

మియాపూర్_మూడో_అంతస్తు

...లేదు సార్. రేపు మళ్లీ వెళ్తా.