సమస్య: గుండె తీసినంతఁ గుదుటపడియె

నిర్వాహకుడు:
ఈ వారం మీరు పూరించాల్సిన చివరి పాదం పైన ఉంది. విషయం మొరాయించే కంప్యూటరు. ఆపరేషన్ థియేటర్లు, విరహాలు వద్దు.

పాదరసం:
తెరను వెలుగు లేదు తిరుగుచుండెను బంక
మెమరి వేగ మతిగ మెలిక వెట్టె
నాణెమంత బిళ్ళ నడిబోర్డుపై నుండు
గుండె తీసినంతఁ గుదుటపడియె

గుండె అంటే సీఆర్ 2032, మదర్‌బోర్డు సెట్టింగులను నిలిపే ఆ 3 వోల్టుల బ్యాటరీ బిళ్ళ.

గురులఘువు:
బిళ్ళను గుండె చేయడం భేష్. కానీ సంధిలో "పంక" (ఫ్యాను) "బంక" అయిన "తిరుగుచుండెను బంక"ను వ్యాకరణం ఒప్పుకున్నా చెవి ఒప్పుకోదు. ప్రాసెసర్‌కు పూసే థర్మల్ పేస్టు గిరగిరా తిరుగుతున్నట్టుంది! అసలు లోపం అర్థంలో ఉంది. గోడ తీగ పీకకుండా బిళ్ళ తీస్తే ఏమవుతుంది? కరెంటిచ్చే పెట్టె ఎస్ఎంపీఎస్ నుంచి, కంప్యూటరు ఆపినా వచ్చే 5 వోల్టుల స్టాండ్‌బై అందుతూనే ఉంటుంది, సెట్టింగులుండే సీమాస్‌లో మెమరీ పాత వేగమే పదిలంగా ఉంటుంది. ఇలా అనాలి:

గోడ తీఁగ పెఱికి గుండీని నొక్కుచు
పదియు నైదు లెక్క పట్టి విడిచి
ఐదు నిమిషములకు నంతయు మఱవఁగ
గుండె తీసినంతఁ గుదుటపడియె

పాదరసం:
గుండీ–గుండె బాగా కుదిరింది, కాదనను. 15 సెకన్లు పవర్ గుండీ నొక్కితే కెపాసిటర్లలో మిగిలిన కరెంటు ఖాళీ అవుతుంది, అదీ సరే. "అంతయు మఱవఁగ" మాత్రం అతిశయోక్తి. చాలా కొత్త బోర్డులు కొన్ని సెట్టింగులను ఫ్లాష్ చిప్‌లో దాచుకుంటాయి, బిళ్ళ తీసినా మరవవు. అక్కడ సెట్టింగులు చెరిపేందుకు బోర్డుపై ఉండే క్లియర్ సీమాస్ జంపరే దిక్కు. ఒకవేళ మరిస్తే విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల కీ అడగొచ్చు, అది ముందే రాసిపెట్టుకోవాలి. ఇక "తీసినంత" అంటే వెంటనేనా? డీడీఆర్ 5 రకం ర్యామ్ అయితే, మెమరీని సరిచూసుకునే "ట్రైనింగ్" పేరుతో తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు. మీ పద్యం నమ్మినవాడు మధ్యలో స్విచ్ కట్టేస్తాడు.

మూడోకన్ను:
మీ ఇద్దరికీ బిళ్ళే కనబడిందా?

మూఁడు కూఁత లిడియె మొదలెట్టినప్పుడు
రెండు కడ్డులందు నొకటి చచ్చె
మొదటి కడ్డి దాని మురిపాల గుండెరా
గుండె తీసినంతఁ గుదుటపడియె

గురులఘువు:
ర్యామ్ కడ్డిని గుండె చేసిన మలుపు మా ఇద్దరికీ తట్టలేదు. రెండో పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో రావాల్సిన జోడీ, ఎటు పోయిందండీ? రె–నొ! రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి అనుకుందామన్నా కుదరదు. "రెండు కడ్డులందు రిత్త యొకటి" అంటే సరి. మూడు పొట్టి కూతలు ఏఎంఐ కంపెనీ బయాస్‌లో (బోర్డును మేల్కొలిపే ప్రోగ్రాములో) మెమరీ లోపమే. అవార్డ్ బయాస్‌లో ఒక పొడుగు, రెండు పొట్టి వస్తే అది వీడియో లోపం. అన్నిటికీ ఒకే కూత కాదు.

పాదరసం:
ఇంకొకటి. తీసిన కడ్డిని పారేయకుండా, రెండోది పనిచేసిన స్లాటులోనే పెట్టి చూడాలి. అక్కడ ఆడితే చెడింది స్లాటు, కడ్డి కాదు.

మూడోకన్ను:
యతి దిద్దుకున్నాను. గురులఘువు గారు మాత్రం మొన్నటి "తెర నిదురపోయె" పూరణలో 24 పిన్నుల ప్లగ్గు గుచ్చి, ప్రాసెసర్ పక్కన ఉండే 8 పిన్నులది మరిచారు. పంకా తిరిగింది, తెర వెలగలేదు. అప్పుడెవరూ అర్థదోషం అనలేదు!

గురులఘువు:
అది ఆటవెలదిలో పట్టలేదు.

పాదరసం:
నా బంక కడిగేశాను: "తెరను వెలుగు లేదు తిరుగుచుండును ఫ్యాను".

మూడోకన్ను:
"ఫ్యా" ముందు "ను" గురువు కాదా? అప్పుడు గణం చెడింది.

గురులఘువు:
వేరే పదం కదండీ, లఘువే. ఈసారికి పాదరసం గారి పక్షాన ఉన్నాను, రాసిపెట్టుకోండి.