అమెరికా బాస్కెట్‌బాల్ కోచ్ లారీ బ్రౌన్‌ని ఆల్‌టైమ్ టాప్ 10 కోచ్‌లలో పెట్టొచ్చా?

కోర్ట్‌సైడ్:
బ్రౌన్ పేరు ఎత్తగానే అందరూ ఒకటే మాట: కాలేజీ టైటిల్, ఎన్‌బీఏ (ప్రొఫెషనల్ లీగ్) టైటిల్ రెండూ గెలిచిన ఏకైక కోచ్. 1988లో కాన్సస్, 2004లో డెట్రాయిట్. సరే, కాదనను. మరి ఆయన వెళ్లిపోయాక ఆ జట్ల సంగతేంటి? కాన్సస్‌లో కప్పు కొట్టిన కొద్ది నెలలకే ఎన్‌బీఏ జట్టు శాన్ ఆంటోనియో స్పర్స్‌లో తేలాడు. ఆయన హయాంలో రిక్రూటింగ్‌లో జరిగిన తప్పులకు కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ వేసిన శిక్ష మాత్రం కాన్సస్‌లోనే ఉండిపోయింది. డిఫెండింగ్ చాంపియన్ అయ్యుండి 1989 టోర్నమెంట్‌లో అడుగు పెట్టలేకపోయారు. కొత్త కోచ్ రాయ్ విలియమ్స్, ఆటగాళ్లు ఆ భారం మోశారు. నేనైతే టాప్ 10లో పెట్టను.

పిక్ అండ్ రోల్:
ఎనిమిది వేర్వేరు ఎన్‌బీఏ జట్లను ప్లేఆఫ్స్‌కి (సీజన్ చివరి నాకౌట్ దశకి) తీసుకెళ్లాడు అన్నా. ఇంకెవరికైనా సాధ్యమైందా? క్లిప్పర్స్‌ని కూడా తీసుకెళ్లాడు! ఆ పేరుతో వాళ్లు ప్లేఆఫ్స్ ముఖం చూసింది 1992లో, ఈయన వచ్చాకే. షార్లెట్ బాబ్‌క్యాట్స్‌కి మొదటిసారి 2010లో, అదీ ఈయనే. శాన్ ఆంటోనియోలో తొలి సీజన్ 21 గెలుపులు, మరుసటి సీజన్ 56.

కోర్ట్‌సైడ్:
ఆ 56 లెక్కలో డేవిడ్ రాబిన్సన్ నేవీ నుంచి వచ్చి చేరిన విషయం మర్చిపోయావు తమ్ముడూ. అలాంటి సెంటర్ (బాస్కెట్ దగ్గర ఆడే పొడుగు ఆటగాడు) వస్తే ఎవరైనా గెలిపిస్తారు.

పాత సిక్సర్:
రాబిన్సన్ సంగతి ఒప్పుకుంటాను. కానీ కోచింగ్ అంటే ఏంటో చూడాలంటే ఫిలడెల్ఫియా చూడండి. అక్కడి స్టార్ ఐవర్సన్ ఆరడుగుల మనిషి, బంతి చేతిలో ఉంటే ముందు షాట్ గురించే ఆలోచిస్తాడు. బ్రౌన్ ఆయన్ని పాయింట్ గార్డ్ (బంతి తెచ్చి ఆట నడిపించేవాడు) బాధ్యత నుంచి తప్పించి షూటింగ్ గార్డ్‌గా (ఎక్కువగా షాట్లు కొట్టేవాడిగా) ఆడించాడు. బంతి తీసుకొచ్చే పని ఎరిక్ స్నోకి ఇచ్చాడు. ఎదుటి జట్టులో పొడుగు గార్డ్‌ని కాసే పని కూడా స్నోదే కాబట్టి, పొట్టి ఐవర్సన్ డిఫెన్స్‌లో దొరికిపోలేదు. మిగతా వాళ్లంతా డిఫెన్స్, రీబౌండ్లు (బాస్కెట్‌లో పడని బంతిని అందుకోవడం) చూసుకునేవాళ్లు. 2001 ఫిబ్రవరిలో డిఫెన్స్‌లో దిట్ట అయిన సెంటర్ ముటోంబో వచ్చి చేరాడు. ఐవర్సన్‌కి ఎంవీపీ (లీగ్ ఉత్తమ ఆటగాడు), బ్రౌన్‌కి కోచ్ ఆఫ్ ది ఇయర్, జట్టుకి ఫైనల్స్.

ఇంతా చేసి, వీళ్లిద్దరికీ ఎంత పడదంటే, 2000 వేసవిలో ఐవర్సన్‌ని డెట్రాయిట్‌కి ట్రేడ్ చేసేసినంత పని అయింది. ఆ డీల్‌లో ఉన్న మాట్ గైగర్ తన కాంట్రాక్ట్‌లోని ట్రేడ్ బోనస్ (వేరే జట్టుకి పంపితే ఇవ్వాల్సిన అదనపు డబ్బు) వదులుకోనన్నాడు, డీల్ చెడింది. ఆ 2001 సీజన్ ఒక రకంగా గైగర్ చలవే!

బెంచ్ ప్లేయర్:
ఎంత మంచి ఆటగాడు దొరికినా తృప్తి లేకపోవడమే ఆయన జబ్బు, అదే ఆయన బలం కూడా అంటాను. ప్రతి పొజిషన్‌లో తప్పు కనిపిస్తుంది కాబట్టే జట్టు అంత త్వరగా బాగుపడుతుంది. రెండు మూడేళ్లకి అదే చూపు యాజమాన్యం మీదకి, తర్వాత వేరే ఉద్యోగం మీదకి మళ్లుతుంది. కుర్రాళ్ల విషయంలో మరీ అన్యాయం. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఆయన అమెరికా కోచ్, కుర్ర స్టార్లు లెబ్రాన్, వేడ్, కార్మెలో ముగ్గురూ జట్టులో ఉన్నా వాళ్ల మీద నమ్మకం పెట్టలేదు. ప్యూర్టో రికో చేతిలో 92-73 ఓటమి, చివరికి కాంస్యం.

పిక్ అండ్ రోల్:
కుర్రాళ్లని పట్టించుకోడంటే ఎలా? కాన్సస్‌లో ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో పాపోవిచ్, కాలిపరీ, బిల్ సెల్ఫ్ లాంటి పెద్ద కోచ్‌లు ఉన్నారు. పాపోవిచ్‌ని స్పర్స్‌కి అసిస్టెంట్‌గా తెచ్చింది కూడా ఈయనే.

కోర్ట్‌సైడ్:
అసిస్టెంట్లకి మంచి గురువే, కాదనట్లేదు. నా గొడవ నమ్మకం గురించి. 1983లో ఆయన కోచ్‌గా ఉన్న నెట్స్ ప్లేఆఫ్స్‌కి రెడీ అవుతుంటే, సీజన్‌లో ఆరు మ్యాచ్‌లు మిగిలుండగా కాన్సస్ ఉద్యోగం కోసం వెళ్లిపోయాడు. 2005లో డెట్రాయిట్ ప్లేఆఫ్స్ ఆడుతుంటే పేపర్లలో క్లీవ్‌లాండ్‌లో ఆయన కొత్త పదవి గురించి వార్తలు. స్పర్స్‌తో ఆ ఫైనల్స్ ఐదో మ్యాచ్ ఓవర్‌టైమ్ గుర్తుందా? చివరి సెకన్లలో బంతి లోపలికి విసిరిన స్పర్స్ ఆటగాడు హోరీని వదిలేసి మన డెట్రాయిట్ రషీద్ వాలెస్ జినోబిలీ మీదకి వెళ్లాడు. బంతి తిరిగి హోరీకి, మూడు పాయింట్లు, 96-95తో స్పర్స్ గెలుపు. ఆ తప్పు కోచ్‌ది అనను. కానీ అంత టెన్షన్‌లో ఉన్న జట్టుకి కోచ్ ఉంటాడో పోతాడో అన్న అనుమానం కూడా అవసరమా?

పాత సిక్సర్:
ఏడో మ్యాచ్ దాకా లాగిన జట్టుని పరధ్యానంలో ఉంది అంటే ఎలా సార్? అంతకు ముందు ఏడాది ఫైనల్స్‌లో షాక్, కోబీ, మలోన్, పేటన్ ఉన్న లేకర్స్‌ని 4-1తో పంపించారు. బ్రౌన్ రాకముందు ఇదే డెట్రాయిట్ 2003 కాన్ఫరెన్స్ ఫైనల్స్‌లో నెట్స్ చేతిలో 4-0తో ఓడింది.

బెంచ్ ప్లేయర్:
బ్రౌన్ వెళ్లిన మరుసటి ఏడాది అదే డెట్రాయిట్ 64 గెలిచింది. ఆయనేమో న్యూయార్క్‌లో 23 గెలిచి 59 ఓడాడు, జట్టు స్టార్ మార్బరీతో పేపర్లకెక్కి గొడవపడ్డాడు, ఒక్క సీజన్‌కే ఇంటికి.

పాత సిక్సర్:
64 గెలిచారు సరే, ఫైనల్స్‌కి మళ్లీ వెళ్లారా?

కోర్ట్‌సైడ్:
వెళ్లలేదు, ఒప్పుకుంటాను. టాప్ 15లో వేసుకోండి. ఆ పైన బేరం లేదు.